కూరగాయలు, పండ్లు ఇంట్లో ఎలా కడగాలి? బెజవాడ, గుంటూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

రైతుబజారు నుంచో, వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ నుంచో, గుంటూరు కొల్లి శారదా మార్కెట్ నుంచో వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటాం. సంచి వంటింట్లో దించగానే సందేహాలు మొదలవుతాయి. వాట్సాప్‌లో ఒకరు ఉప్పు వెయ్యమంటారు, ఒకరు పసుపు అంటారు, ఇంకొకరు ఏకంగా మెషిన్ కొనమంటారు. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక మాట. పురుగుమందు అంటే ఉన్న భయంలో సగం కూడా మనకు సూక్ష్మక్రిములంటే లేదు. మందు సంగతి ఏళ్ల మీద తేలేది. వాంతులు, విరేచనాలు రేపు పొద్దున్నే పట్టుకుంటాయి. అందుకే ఇక్కడ చేతుల గురించి, నీళ్ల గురించి, వంటింటి గుడ్డ గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

మామూలు నీళ్లతో కడిగితే సరిపోతుందా, ఏదైనా కలపాలా?

చాలావాటికి మామూలు నీళ్లే సరిపోతాయి. కాకపోతే గిన్నెలో వేసి ఒకసారి ముంచి తీయడాన్నే మనం కడగడం అనుకుంటాం. కుళాయి కింద ధారగా పడే నీళ్లలో కాయను తిప్పుతూ చేత్తో రుద్దాలి. మట్టి, క్రిములు, పైన అంటిన మందు వదిలేది ఆ రుద్దుడుకే. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం 2000లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఉత్త కుళాయి నీళ్లతో కడిగినా వాళ్లు చూసిన 12 రకాల మందుల్లో 9 తగ్గాయి.

ఒక్కో కాయకు అర నిమిషం ఇవ్వండి. పంపు పొద్దున గంటసేపే వచ్చే ఇల్లయితే మగ్గుతో పోస్తూ రుద్దినా పని అవుతుంది. కాయలు ముట్టుకునే ముందు మీ చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. దెబ్బ తగిలి మెత్తబడ్డ చోటు ఉంటే చుట్టూ కొంచెం ఎక్కువే కోసి పారేయండి, క్రిములు పెరిగేది అక్కడే. చివర పొడిగుడ్డతో తుడిస్తే ఇంకొంత పోతుంది.

మొక్క లోపలికి పీల్చుకున్న మందు మాత్రం ఎంత కడిగినా పోదు. అది కాయ కండలోనే ఉంటుంది. అందుకని కూరగాయలు తినడం తగ్గించుకోవడం తెలివైన పని కాదు. ఎప్పుడూ ఒకే రకం కాకుండా మార్చి మార్చి తినడం నయం.

ఏ నీళ్లు వాడాలి? మున్సిపల్ పంపు, బోరు, ఆర్వో?

వండుకునే కూరగాయలకు పంపు నీళ్లు సరిపోతాయి. పచ్చిగా తినేవాటికి మాత్రం చివరిసారి కడిగే నీళ్లు మీరు తాగే నీళ్లే అయి ఉండాలి. కీరా, క్యారెట్, కొత్తిమీర, ద్రాక్ష, జామ వంటివన్నీ ఇందులోకే వస్తాయి. ముందు పంపు కింద బాగా కడిగేసి, చివర ఫిల్టర్ నీళ్లో, కాచి చల్లార్చిన నీళ్లో ఒక గ్లాసెడు పైనుంచి పోయండి. మొత్తం ఆర్వో నీళ్లతోనే కడగనక్కర్లేదు, వృథా.

ఇది చాదస్తంగా అనిపిస్తే 2018 మార్చి గుర్తు చేసుకోండి. గుంటూరు ఆనందపేట పరిసరాల్లో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. పంపు నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా, వీధిలో పైపులైను తవ్వుతున్నా ఆ రోజులకు పచ్చి ముక్కలు మానేసి ఉడికించుకు తినండి. మరీ కావాలంటే, నీళ్లు బాగా తెర్లి కాగాక కనీసం ఒక నిమిషం అలాగే ఉంచి, చల్లారాక వాడండి. బోరు నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నాయని నమ్మడానికి లేదు, దగ్గర్లో సెప్టిక్ ట్యాంకు ఉంటే మరీను.

ఉప్పు, పసుపు, వెనిగర్, వంటసోడా: వీటిలో ఏది మంచిది?

వీటిలో గట్టి ఆధారం ఉన్నది వంటసోడాకు. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు యాపిల్స్ మీద రెండు మందులు పూసి పరీక్షించారు. లీటరు నీళ్లకు 10 గ్రాముల వంటసోడా, అంటే రెండు చిన్న చెంచాలు వేసి నానబెడితే, 12 నుంచి 15 నిమిషాల్లో ఒక మందు 80 శాతం, ఇంకోటి 96 శాతం పైనుంచి పోయాయి. తొక్కలోకి దిగిపోయిన భాగం మాత్రం అక్కడే ఉంది. ఇది యాపిల్ మీద, ఆ రెండు మందుల మీద తేలిన లెక్క. వంకాయకూ ద్రాక్షకూ ఇదే శాతం వస్తుందనుకోకూడదు. వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కావు, డబ్బా చూసి తీసుకోండి.

ఉప్పునీళ్లు మన ఇళ్లలో పాత అలవాటే. లీటరుకు 20 గ్రాములు, అంటే పెద్ద చెంచాకు కాస్త పైన వేసి పది పదిహేను నిమిషాలు ఉంచితే మందు కొంత తగ్గుతుంది. పువ్వుల్లో, ఆకుల్లో దాక్కున్న పురుగులు తేలి వస్తాయి. నిజానికి ఉప్పు ఎక్కువ పనికొచ్చేది పురుగులు రాలడానికే. వెనిగర్ ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపితే క్రిములు కొంత తగ్గుతాయి, కానీ మెత్తటి పండ్లకు ఆ వాసన పడుతుంది. పసుపు వేస్తే నష్టం లేదు, దాని మీదే భారం వేయకండి.

సోడా, వెనిగర్ రెండూ కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ పొంగులో ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఏదో ఒకటే వాడండి. దేనిలో నానబెట్టినా తర్వాత మంచినీళ్ల ధార కింద కడగాల్సిందే.

గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే?

వద్దు. కాయల తొక్క మీద సన్నటి రంధ్రాలుంటాయి. సబ్బు లోపలికి దిగితే కడిగినా పోదు, కడుపులో వికారం, విరేచనాలు తెస్తుంది. 2020లో కోవిడ్ భయంతో చాలా ఇళ్లలో కూరగాయలకు సబ్బు స్నానాలు జరిగాయి. అప్పుడే మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సబ్బు, డిస్‌ఇన్‌ఫెక్టెంట్ వాడొద్దని, మంచినీళ్లతోనో 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50 వంతులు) క్లోరిన్ నీళ్లతోనో కడగమని చెప్పింది. ఆ 50 పీపీఎం కొలత ఇంట్లో కుదరడం కష్టం. బాత్రూం బ్లీచింగ్ పౌడర్ చిటికెడు వేసి అదే ఇది అనుకుంటే ప్రమాదం.

వెజ్ వాష్ లిక్విడ్, ఓజోన్ మెషిన్ కొనాలా?

మా ఓటు వద్దనే. బాగా రుద్ది కడిగిన నీళ్లకంటే ఇవి ఎక్కువ పని చేస్తాయని నమ్మేంత ఆధారం లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా ఇలాంటి ప్రత్యేక ద్రావణాలు అక్కర్లేదనే చెబుతోంది. ఆ డబ్బుతో ఒక మంచి చిల్లుల గిన్నె, దుంపలు రుద్దడానికి విడిగా ఒక బ్రష్ కొనుక్కోండి.

ఆకుకూరలు ఎన్నిసార్లు కడిగినా ఇసక పోదు. ఎలా?

చాలామంది గిన్నెలో కడిగి, గిన్నె వంచి నీళ్లు వార్చేస్తారు. అడుక్కి దిగిన ఇసకంతా మళ్లీ ఆకు మీదికే వస్తుంది. అలా వంచకుండా ఆకును రెండు చేతులతో పైకి ఎత్తి పక్క గిన్నెలో వేయండి. కింద మిగిలిన నీళ్లు పారబోసి మళ్లీ నింపండి. అడుగున వేలితో తడిమితే గరుకు తగలనంతవరకూ ఇలాగే చేయాలి. తోటకూరకు రెండు మూడు సార్లు పట్టొచ్చు, పాలకూరకు వానాకాలంలో ఇంకోసారి ఎక్కువ.

కట్ట విప్పి, వేళ్లు, కుళ్లిన ఆకులు తీసేశాకే నీళ్లలో వేయాలి. కట్టతోనే ముంచితే మధ్యలో ఆకుకు నీళ్లే తగలవు. కోసిన తర్వాత కడగొద్దు, విటమిన్ సి, ఫోలేట్ నీళ్లలో కలిసి పోతాయి. బండి మీద ఆకుకూర వాడిపోకుండా రోజంతా నీళ్లు చల్లుతూనే ఉంటారు. ఆ బకెట్టు నీళ్లు ఎక్కడివో మనకు తెలియదు కాబట్టి, తాజాగా మెరుస్తున్న కట్టను కూడా అంతే శ్రద్ధగా కడగండి. కొత్తిమీర, పుదీనా మనం చాలాసార్లు పచ్చిగానే చల్లుకుంటాం. వాటికి చివర తాగే నీళ్లు తప్పనిసరి.

కరివేపాకులో మందు ఎక్కువంటారు, నిజమేనా?

మన దగ్గర కరివేపాకు పెరట్లో చెట్టు మాత్రమే కాదు, మంగళగిరి దగ్గర పెదవడ్లపూడి చుట్టుపక్కల అది తోటల పంట. పంటగా వేసినప్పుడు ఆకు మీద పురుగులకు మందు కొడతారు. మార్కెట్ నుంచి తీసిన నమూనాల్లో మందు అవశేషాలు దొరికిన ఆకుల్లో కరివేపాకు తరచుగా ఉంటుంది. పైగా మనం దాన్ని రెమ్మ దులిపి నేరుగా పోపులో వేస్తాం.

రెమ్మల్ని పది పదిహేను నిమిషాలు ఉప్పునీళ్లలోనో, పల్చటి చింతపండు నీళ్లలోనో ఉంచి, తర్వాత ధార కింద ఆకు రెండు వైపులా తగిలేలా కడగండి. నీడలో గుడ్డ మీద ఆరబెట్టి డబ్బాలో వేసుకుంటే వారం వస్తుంది. కరివేపాకు పొడి చేసేవాళ్లయితే ఇది మానకూడదు, అక్కడ ఆకు మోతాదు ఎక్కువ. కుండీలో ఒక మొక్క పెట్టుకోగలిగితే ఈ ప్రశ్నే ఉండదు.

గోంగూర పచ్చడికి, ఆవకాయకి కడిగితే బూజు పడుతుందని అమ్మమ్మ అంటుంది. కడగకుండా ఎలా?

అమ్మమ్మ భయం తడి గురించి. కడగడం మానితే మట్టీ క్రిములూ జాడీలోకే వెళ్తాయి. కడిగి, పూర్తిగా ఆరబెట్టడమే దారి.

గోంగూర ఆకు తుంచి, పైన చెప్పినట్టు ఎత్తి ఎత్తి కడిగి, నీళ్లు ఓడ్చి, పాత నూలు చీర మీద ఫ్యాన్ కింద పల్చగా పరవండి. చేతికి చెమ్మ తగలకూడదు, ఆకు కాస్త వడలాలి. సాయంత్రం కడిగి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి సిద్ధం. ఆవకాయ కాయలను కోయకముందే కడగాలి. కొట్టించిన ముక్క మీద నీటి చుక్క పడకూడదు. కాయలు కడిగి తుడిచి, తొడిమ దగ్గర గుంటలో నీళ్లు మిగలకుండా చూసి, గంటో రెండు గంటలో ఆరనిచ్చి అప్పుడు కత్తి పెట్టండి. మార్కెట్‌లోనే కాయలు కొట్టించుకునేవాళ్లు కొన్నవెంటనే కొట్టేవాడి చేతిలో పెట్టకుండా, ఇంటికి తెచ్చి కడిగి మర్నాడు తీసుకెళ్లడం మంచిది. ఆ కత్తి ఆ రోజు ఎన్ని వందల కాయలు చూసిందో కూడా ఒకసారి ఆలోచించండి. వెంట ఒక శుభ్రమైన గుడ్డ తీసుకెళ్లి, మీ కాయలకు ముందు కత్తి తుడిపించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎండుమిర్చి కడగాలా?

గుంటూరులో ఈ ప్రశ్న అడగాలంటే ధైర్యం కావాలి. కారం పట్టించే ఎండుమిర్చి కడగొద్దు. తడి లోపల మిగిలితే బూజు పడుతుంది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కడిగినా వేయించినా పూర్తిగా పోదు. తాలు కాయలు, నల్లమచ్చలున్నవి ఏరేసి, పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఎండలో గలగలమనేదాకా పెట్టి మిల్లుకు తీసుకెళ్లండి. పోపులో వేసే నాలుగు కాయలకు తుడిస్తే సరిపోతుంది.

క్యాబేజీలో పురుగు మెదడులోకి వెళ్తుందట కదా?

ఈ భయంలో సగం నిజం, సగం గందరగోళం. క్యాబేజీలోనో క్యాలీఫ్లవర్‌లోనో కనబడే ఆకుపచ్చ గొంగళి పురుగుకు మెదడుతో ఏ సంబంధమూ లేదు. అది సీతాకోకచిలుక, చిమ్మెట జాతుల పిల్ల. మెదడుకు చేరేది పంది మాంసం ద్వారా మనిషికి వచ్చే బద్దెపురుగు గుడ్లు. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం కలిసిన నీళ్లు పొలానికి పారితే గుడ్లు ఆకుల మీదకు చేరతాయి. కంటికి కనబడవు. పచ్చిగా తిన్నా, సరిగ్గా కడుక్కోని చేతులతో వడ్డించినా నోట్లోకి వెళ్తాయి. మూర్ఛలకు ఇదొక కారణం. కాబట్టి ఈ ముప్పు క్యాబేజీ ఒక్కదానిదే అనుకోకూడదు, మురుగు తగిలిన ఏ పచ్చి ఆకుతోనైనా ఉంటుంది.

క్యాబేజీ పై రెండు మూడు పొరలు తీసేసి, పచ్చిగా తినాలంటే రేకు రేకు విడదీసి ధార కింద కడగండి. బాగా ఉడికితే గుడ్లు చస్తాయి. క్యాలీఫ్లవర్‌ను పువ్వులుగా విడదీసి గోరువెచ్చని ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులు పైకి తేలతాయి. రోడ్డు పక్క నూడుల్స్ మీద చల్లే పచ్చి క్యాబేజీ తురుము గురించి వేరే చెప్పక్కర్లేదు.

తొక్క తీసేసేవాటిని కూడా కడగాలా?

కడగాలి, అదీ కోయకముందే. కత్తి తొక్క మీది మురికిని లోపలి గుజ్జులోకి లాక్కెళ్తుంది. కర్బూజాకు మరీ ముఖ్యం, దాని గరుకు తొక్క సందుల్లో క్రిములు గట్టిగా పట్టుకుని ఉంటాయి. 2011లో అమెరికాలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకిన కర్బూజా రకం పండ్లు తిని 33 మంది చనిపోయారు. బ్రష్‌తో రుద్ది కడిగి, తుడిచి, అప్పుడు కోయండి. కోసిన ముక్కలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మన మే నెల ఎండల్లో అయితే గంటలోపే.

కంద, చేమదుంప, బంగాళాదుంప: నానబెట్టి మట్టి వదిలాక బ్రష్‌తో రుద్ది, తర్వాత చెక్కు తీయండి. కందకు చేతులు దురద పెడతాయి కాబట్టి ముందే నూనె రాసుకోండి. తాటిముంజలు బండివాడే కొట్టి చేతికిస్తాడు కాబట్టి ఇంటికొచ్చాక తాగే నీళ్లతో కడిగి, పైపొట్టు తీసి తినండి. అరటిపండుకు ఒక్కసారి నీళ్లు చూపిస్తే చాలు. అరిటాకు మీద మాత్రం అన్నం నేరుగా పడుతుంది, దాన్ని ఉత్తుత్తి నీళ్లు చిలకరించి వదిలేయకుండా రెండు వైపులా కడగండి.

మామిడిపండ్లు నీళ్లలో వేస్తే కార్బైడ్ పోతుందా?

పైన పొడి అంటుకుని ఉంటే పోతుంది, అంతవరకే. కాల్షియం కార్బైడ్ చెమ్మ తగిలి వదిలే ఎసిటలీన్ వాయువుతో కాయ పైకి రంగు తిరుగుతుంది. ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఛాయలుంటాయి. అందుకే మన దేశంలో పండ్లు మాగబెట్టడానికి దాన్ని నిషేధించారు. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకూ వాడటానికి అనుమతి ఉంది, పండు సహజంగా వదిలేదీ అదే కాబట్టి దానికి భయపడనక్కర్లేదు.

నున్న మార్కెట్ నుంచి వచ్చే బంగినపల్లి అయినా, నూజివీడు రసాలైనా, అరగంట నీళ్లలో వేసి ఉంచే మన అలవాటు మంచిదే. తొడిమ దగ్గర కారిన సొన వదులుతుంది. ఆ సొన తగిలే పెదాల పక్కన పుళ్లు లేస్తాయి. తర్వాత తొడిమ చుట్టూ రుద్ది కడగండి. రసాలను నోటితో పీల్చి తినేవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా కడగాలి.

యాపిల్ మీద మైనం, ద్రాక్ష మీద తెల్లపొడి మందేనా?

ద్రాక్ష మీద పల్చటి తెల్లటి పూత చాలావరకు పండు తానే పూసుకున్న మైనం. మచ్చలు మచ్చలుగా, చుక్కలు ఎండినట్టు ఉంటే మందు కావచ్చు. గుత్తిగా కాకుండా పండ్లు విడదీసి, సోడా నీళ్లలో పది నిమిషాలు ఉంచి కడగండి. యాపిల్‌కు తేనెమైనం, కార్నబా, షెల్లాక్ వంటి మైనాలు పూయడానికి, లేబుల్ మీద చెప్పాలన్న షరతుతో, అనుమతి ఉంది. గోరువెచ్చని నీళ్లలో రుద్ది గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. అయినా మనసొప్పకపోతే తొక్క తీసి తినండి.

బెండకాయలు, బఠాణీలకు రంగు వేస్తున్నారంటారు. ఎలా తెలుస్తుంది?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన ఇంటి పరీక్ష ఉంది. దూదిని లిక్విడ్ పారఫిన్‌లో తడిపి కాయ మీద కొద్ది చోట రుద్దండి. దూది ఆకుపచ్చగా మారితే మాలకైట్ గ్రీన్ అనే రంగు కలిసినట్టు. చిలగడదుంపకైతే నీళ్లలోనో నూనెలోనో తడిపిన దూది సరిపోతుంది, ఎర్రబడితే రోడమిన్ బి అనే రంగు వేసినట్టు. రంగు తేలిన సరుకు కడిగి వాడుకోవడం కుదరదు, పారేయాల్సిందే.

తెచ్చిన వెంటనే అన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పని అయిపోదా?

తడితో పెడితే రెండు రోజుల్లో కుళ్లుతాయి. పచ్చిమిర్చి, బెండకాయ, ద్రాక్ష వాడే ముందు కడుక్కోవడమే మేలు. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు పొద్దున్నే టైమ్ ఉండదు, అది అర్థమయ్యే సంగతే. అలాంటప్పుడు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, డబ్బా అడుగున పొడిగుడ్డ వేసి పెట్టండి. బెండకాయ కడిగి తుడిచాకే కోయాలని అందరికీ తెలుసు, లేకపోతే జిగురు.

ఎండలో సంచిలో వేడెక్కిన టొమాటోలను ఐసు నీళ్లలో వేయకండి. వేడి కాయ చల్లటి నీళ్లలో పడితే తొడిమ దగ్గరి మచ్చ గుండా ఆ నీళ్లను, దాంతో క్రిములను లోపలికి పీల్చుకుంటుంది. నీడలో కాసేపు ఉంచి, మామూలు నీళ్లతో కడగండి.

వరద నీళ్లు తగిలిన కూరగాయలు కడిగి వాడొచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వచ్చింది. వాడకూడదు. వరద నీళ్లలో మురుగు, చచ్చిన జంతువులు, పెట్రోలు, రసాయనాలు అన్నీ కలుస్తాయి. ఆకుకూరలైనా దుంపలైనా పారేయండి. అలాంటి సమయంలో సరుకు పారేయడానికి ప్రాణం ఒప్పదు, కానీ అప్పుడు ఆసుపత్రికి వెళ్లడం ఇంకా కష్టం.

గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ప్రత్యేకంగా ఏం చూడాలి?

మట్టి తగిలిన పచ్చి ఆకుల ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, కోసి ఉంచిన పండ్ల ద్వారా లిస్టీరియా రావచ్చు, రెండూ కడుపులో బిడ్డకు ప్రమాదమే. బయట కోసి అమ్మే పుచ్చకాయ, కీరా ముక్కలు, జ్యూసులు ఆ నెలల్లో మానేయండి. మొలకలు ఆరోగ్యమని పచ్చిగా పెడుతుంటారు. క్రిములు గింజ లోపలే ఉండి, మొలకెత్తే వెచ్చటి చెమ్మలో గింజతోపాటే పెరుగుతాయి, పైన కడిగితే పోవు. గర్భిణులకు, పసివాళ్లకు, పెద్దవాళ్లకు బాగా ఉడికించి పెట్టండి.

ఇంత కడిగినా అప్పుడప్పుడు కడుపు పాడవుతోంది. ఎక్కడ తేడా?

సింకు చూడండి. పొద్దున చికెన్ కడిగిన సింకులో మధ్యాహ్నం కీరా కడిగితే కడిగినట్టు కాదు. మాంసం, చేపల పని ఉన్నరోజు ముందు కూరగాయల పని ముగించుకోండి, లేదా సింకును సబ్బుతో తోమి వేడినీళ్లు పోశాక మొదలుపెట్టండి. కత్తిపీట, చెక్కపీట మాంసానికి వేరు, పచ్చి ముక్కలకు వేరు ఉంటే హాయి. ఇక వంటింటి గుడ్డ: పొయ్యి గట్టు, చేతులు, కడిగిన యాపిల్ అన్నీ ఒకే గుడ్డతో తుడిస్తే పడిన కష్టమంతా వృథా. కాయలకు విడిగా ఒకటి పెట్టి, రోజూ ఉతికి ఎండలో వేయండి.

కడిగిన నీళ్లు మొక్కలకు పోయొచ్చా?

ఉత్త నీళ్లయితే పూలమొక్కలకు పోయండి. ఉప్పు, సోడా, వెనిగర్ కలిపినవి పోస్తే మొక్క దెబ్బతినొచ్చు.